ఆమేన్ అనకూడని చోట

సోమందేపల్లె దాటాక హైవే పక్కన ఒక పంక్చర్ షాపు ఉంది. దాన్ని నడిపే ఆంజినప్ప తెల్లారేసరికి చనిపోయి ఉన్నాడు. ఎయిర్ కంప్రెసర్ మాత్రం నడుస్తూనే ఉంది. గాలి పట్టించుకోవడానికి ఆగిన పాల వ్యాను డ్రైవర్ ముందు కంప్రెసర్ ఆపి, తర్వాత పోలీసులకు ఫోన్ చేశాడు. పోలీసులు గుండెపోటు అని రాసుకున్నారు. మెడ వెనక సూది గుర్తును మరుసటి రోజు మార్చురీలో చూశారు.

ఆంజినప్ప పంక్చర్లు నిజంగానే వేసేవాడు. దానితోపాటు కేంద్ర గూఢచారి విభాగానికి కొరియర్‌గా పనిచేసేవాడు. అతని టైరు చెప్పు అట్టల మధ్య అగ్గిపెట్టె సైజు సర్క్యూట్ బోర్డు దొరికింది. దాని మీద చిన్న మైక్రోఫోన్, ఒక స్విచ్. ఇంకేమీ లేదు.

బ్రీఫింగ్ బెంగళూరులో జరిగింది. జాయింట్ డైరెక్టర్ భరత్‌కుమార్ ఏసీ రిమోట్ కోసం వెతికి, దొరక్క, కిటికీ తెరిచాడు. ఎదురుగా కూర్చున్న ఏజెంట్ అసలు పేరు ఫైళ్లలో ఉంది. ఈ పనికి అతని పేరు వీరేష్.

"ఎమిల్ హార్ట్‌మన్," అన్నాడు భరత్‌కుమార్. "విదేశీ కల్చరల్ ఫౌండేషన్ డైరెక్టర్. ఫౌండేషన్ నిజమైనదే. దాన్ని నడిపించేది మాత్రం ఒక శత్రు దేశపు ఇంటెలిజెన్స్. గోరంట్ల వైపు కొండ మీద మన రాడార్ పరీక్షా కేంద్రం ఉంది. అందులోంచి ఎవడో హార్ట్‌మన్‌కు డ్రాయింగులు అమ్ముతున్నాడు. వాడి పేరు కావాలి."

"ఐశ్వర్య చెప్పలేదా?"

"ఫౌండేషన్ పెట్టే కచేరీ అయ్యాక వాణ్ని పరిచయం చేస్తానని హార్ట్‌మన్ ఆమెకు చెప్పాడట."

ఐశ్వర్య సొప్రానో. ఆడగొంతుల్లో అన్నిటికంటే పై స్థాయి గొంతు అది. హిందూపురంలో బట్టల వ్యాపారి నాగేశ్వరయ్య కూతురు. వియన్నాలో సంగీతం నేర్చుకుంది. అక్కడే హార్ట్‌మన్ ఆమెను తన పనిలో పెట్టుకున్నాడు. అక్కడే వీరేష్ ఆమెను ఇటువైపు తిప్పాడు. నాలుగేళ్లుగా ఆమె హార్ట్‌మన్‌కు పనిచేస్తున్నట్టు నటిస్తూ, తెలిసినదంతా ఆంజినప్ప చేతికి ఇచ్చేది.

"ఆమెను ఇప్పుడే బయటికి తెచ్చేద్దాం సార్," అన్నాడు వీరేష్. "ఆంజినప్ప దొరికాడంటే ఆమె కూడా దొరికినట్టే."

"పేరు వచ్చాక."

"అప్పటికి ఆమె ఉండాలి కదా."

"చూడు వీరేష్. ఆమె హార్ట్‌మన్ దగ్గర జీతం తీసుకుంటోంది. మన దగ్గరా తీసుకుంటోంది. ఆమె ఎవరి మనిషో నాకు ఇప్పటికీ తెలియదు."

"నాకు తెలుసు. ప్రాణాలతో బయటికి తెస్తానని మాటిచ్చాను."

"అయితే దగ్గరుండి చూసుకో. నీకు పాట వచ్చా?"

"రాదు."

"నేర్చుకో. కచేరీ కోరస్‌లో బేస్‌కు, అంటే మగవాళ్ల కింది స్థాయి గొంతుకు, మనుషులు తక్కువట."

బోర్డు సంగతి అడిగాడు వీరేష్. ల్యాబ్‌కు పంపామని చెప్పాడు భరత్‌కుమార్. ల్యాబ్ ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి మారుతోంది. సామాన్లు ఇంకా లారీల్లోనే ఉన్నాయి. రిపోర్టుకు కొంచెం టైం పడుతుంది.

*

ఆ ఏడు శింగనమల చెరువులో నీళ్లు లేవు. ఫౌండేషన్ కచేరీకి చెరువు అడుగునే ఎంచుకుంది. అడుగున వేదిక కడతారు, జనం కట్ట మీద కూర్చుంటారు. రైతులు పొలాలకు ఒండ్రు తవ్వుకుపోయిన గుంతలు అక్కడక్కడ ఉన్నాయి. వేదిక చుట్టూ మాత్రం చదును చేశారు.

ప్రదర్శించేది ఒరటోరియో. వేషాలు, నటన లేకుండా ఆర్కెస్ట్రా, కోరస్, సోలో గాయకులు కలిసి ఒక కథను పాడతారు. దీని పేరు 'పెన్నేరు'. రాసిందీ, నడిపించేదీ మార్టా లిండ్ అనే విదేశీ సంగీతకర్త. ఆమెకు గూఢచర్యంతో సంబంధం లేదు. ఆర్కెస్ట్రా ఆమె దేశం నుంచి వచ్చింది. కోరస్ మాత్రం ఇక్కడిదే. జిల్లాలోని చర్చి కోయిర్లన్నిటి నుంచి నూటెనభై మందిని పోగుచేశారు. పోగుచేసినవాడు గోరంట్ల చర్చి కోయిర్ మాస్టర్ జాకబ్. రిటైరైన బడి పంతులు.

"యాడ పాడతాంటివి ఇంతకుముందు?" అని అడిగాడు జాకబ్.

"యాడా లేదు సార్. కదిరి కాడ ఎలక్ట్రికల్ షాపులో పని."

"గొంతు విప్పు ఒకసారి."

వీరేష్ గొంతు విప్పాడు. జాకబ్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"కడాకు, పై వరసలో నిలబడు. మైకులకు దూరం."

వీరేష్ దగ్గర రెండు పరికరాలు ఉన్నాయి. ఒకటి పేలుడు పదార్థాన్ని పసిగట్టే వాచీ. దగ్గర్లో ఆ పదార్థం ఉంటే మణికట్టు మీద అదురుతుంది. బేస్‌లో సగం మంది రాళ్ల క్వారీల్లో పనిచేసేవాళ్లు. వాళ్ల చేతులకూ చొక్కాలకూ క్వారీ మందు అంటుకుని ఉంటుంది. వాళ్ల మధ్య నిలబడిన మొదటి గంటలో వాచీ ఒక్క క్షణం ఆగలేదు. బ్యాటరీ అయిపోయాక ఆగింది. రెండోది వినికిడి యంత్రంలా కనిపించే రేడియో. ఆ ఎండకు చెవి నిండా చెమట పట్టి, గురగురమనడం తప్ప ఇంకేమీ వినిపించలేదు.

"చెవుడున్నోన్ని కూడా పాటకు తెచ్చినారే," అన్నది ముందు వరసలోని తిమ్మక్క. శింగనమల మనిషే. పొద్దున కూలికి పోతుంది, మధ్యాహ్నం నుంచి ఆల్టో, అంటే ఆడవాళ్ల కింది స్థాయి గొంతు, పాడుతుంది.

"చెవుడు కాదక్కా. కొంచెం తక్కువ వినపడతాది."

"అదృష్టవంతునివి లే. నీ పాట నీకు వినపడదు."

ఆంజినప్ప బదులు కొత్త కొరియర్ వస్తాడని ఢిల్లీ చెప్పింది. మనిషి ఎవరో చెప్పలేదు. కోడ్ మాత్రం పంపింది. కొరియర్ వచ్చి "వాన పడేట్టుందా?" అని అడుగుతాడు. వీరేష్ "మబ్బు లేదు, గాలి మారింది" అనాలి. ప్రమాదం ఉంటే కొరియర్ "మోటర్ కాలిపోయింది" అంటాడు. ఆ కోడ్ రాసినవాడు అనంతపురం జిల్లా చూసి ఉండడు.

టీ విరామంలో తిమ్మక్క ఆకాశం వైపు చూసింది.

"వాన పడేట్టుండాదా నాయనా?"

వీరేష్ గ్లాసు కింద పెట్టాడు. "మబ్బు లేదు. గాలి మారింది."

"గాలి మారితే ఏం లాభం. మోటర్ కాలిపాయె."

వీరేష్ పరుగెత్తాడు. ఐశ్వర్య వేదిక మీద మార్టాతో మాట్లాడుతోంది. అతను రెండు మ్యూజిక్ స్టాండ్లను పడేసి, చెల్లో అనే పెద్ద వయొలిన్ మీదుగా దూకి ఆమె ముందు నిలబడ్డాడు. ఏమీ జరగలేదు. మార్టా ఏదో అడిగింది. జాకబ్ వచ్చి అతని భుజం పట్టుకున్నాడు.

"యాడికప్పా?"

"మూత్రానికి సార్."

"అది ఆ పక్క."

సాయంత్రంలోగా ఇంకో నలుగురు అతన్ని వాన గురించి అడిగారు. ముగ్గురికి మోటర్లు కాలిపోయాయి. కొత్త కొరియర్ అసలు రాలేదు. అతనికి సెలవు మంజూరైందని తర్వాత తెలిసింది.

*

మరుసటి రోజు నీళ్ల ట్యాంకర్ దగ్గర ఐశ్వర్య అతని పక్కన నిలబడింది. పట్టు చీర, నల్ల కళ్లద్దాలు, చేతిలో ప్లాస్టిక్ బిందె. ఆర్కెస్ట్రా వాళ్లకు మినరల్ వాటర్ సీసాలు ఇస్తారు. ఆమె మాత్రం బిందె పట్టుకుని లైన్లో నిలబడింది. మాట్లాడాలంటే ఇంకో చోటు లేదు.

"ఆంజినప్పను చంపినారు," అన్నది అటు చూస్తూనే. "నా సంగతి తెలిసినట్టేనా?"

"తెలిసినట్టే అనుకోవల్ల. ఈపొద్దే పోదామంటే వస్తావా?"

"మీ వాళ్లు ఒప్పుకున్నారా?"

వీరేష్ ట్యాంకర్ కొళాయి వైపు చూశాడు.

"ఒప్పుకోలేదు," అన్నది ఆమె. "పేరు లేకుండా నేను బయటికొస్తే నన్ను హార్ట్‌మన్ మనిషి అంటారు. జైల్లో పెడతారు. నాకు తెలుసులే."

"నేను మాటిచ్చినాను."

"మా నాయన అంగట్లో అప్పు పెట్టినోళ్లంతా మాటిచ్చిపోయినోళ్లే." ఆమె బిందెను ముందుకు జరిపింది. "ఆ కోడ్ మార్చు. పొద్దున్నుంచి నాకే ఆరు మోటర్లు కాలినాయి. ఈ జిల్లాలో ఎవరి నోటా రాని మాట ఒకటి చెప్పు. అది వినపడితే నేను ఉన్నచోటు నుంచి దూకి పారిపోతా. ఎందుకని అడగను."

వీరేష్ ఆలోచించాడు.

"నీళ్లు ఎక్కువైనాయి."

ఆమె నవ్వింది. లైన్లో ముందున్నవాళ్లు వెనక్కి తిరిగి చూశారు. అంతకు మించి మాట్లాడే వీలు మళ్లీ రాలేదు. రోజూ హార్ట్‌మన్ రిహార్సల్‌కు వచ్చి ముందు వరసలో కూర్చునేవాడు. తెల్ల లినెన్ కోటు. ఒక్క స్వరం కూడా వదలకుండా వినేవాడు.

*

రిహార్సళ్లు మూడు వారాలు సాగాయి. అందులో ఎక్కువ కాలం ఒకే ఒక్క చోట ఆగిపోయింది.

'పెన్నేరు' మూడో భాగంలో ఉరుములు వాయిస్తారు. ఈ జిల్లా పల్లెల్లో జాతరలకు వాయించే జోడు డోళ్లు అవి. భాగం మొదలైనప్పటి నుంచి అవి ఆగవు. చివరికి కోరస్ అంతా గొంతెత్తి వానను "రా" అని పిలుస్తుంది. ఆ పిలుపుతో అన్నీ ఒక్కసారి ఆగిపోతాయి. ఆ తర్వాత నిశ్శబ్దం. మనిషి ఒక చెంబు నీళ్లు నిదానంగా తాగి, చెంబు కింద పెట్టేంత సేపు. చివర్లో ఒక్క చెల్లో మెల్లగా మొదలవుతుంది.

"ఆ నిశ్శబ్దమే ఈ రచనకు ప్రాణం," అన్నది మార్టా ఇంగ్లిష్‌లో. "వాన కోసం చూడటం అంటే అదే. దయచేసి ఊపిరి కూడా వినిపించకూడదు."

జాకబ్ దాన్ని తెలుగులో చెప్పాడు. అందరూ తలూపారు. మార్టా చేతులెత్తింది. కోరస్ "రా" అని పిలిచింది. అన్నీ ఆగాయి.

"ఆ... మే... న్," అని పాడారు నూటెనభై మంది.

చర్చిలో ప్రతి పాట చివరా ఆమేన్ ఉంటుంది. అది వాళ్లకు నేర్పాల్సిన పనిలేదు. పుట్టిన ఏడాది నుంచి విన్నదే. పాట ఆగిందంటే గొంతు దానంతటదే ఆ మాట అందుకుంటుంది. మార్టా మళ్లీ చెప్పింది. జాకబ్ మళ్లీ చెప్పాడు. మళ్లీ ఆమేన్ అన్నారు. రెండో వారం వచ్చేసరికి మార్టా కోపం పోయి కన్నీళ్లు మొదలయ్యాయి. ఒకరోజు స్వరాలు రాసిన స్కోరు పుస్తకం మూసి వెళ్లి కారులో కూర్చుంది.

"ఆయమ్మ ఏడుస్తాంది," అన్నాడు జాకబ్ కోరస్‌తో. "మీకు సిగ్గుండల్ల."

"ఆమేన్ అంటే పాపమా సార్?" అన్నది తిమ్మక్క. "దేవుని పేరు కదా."

"దేవుడు ఆగుతాడు. ఆయమ్మ ఆగదు. ఇంక వినండి. ఈపొద్దు నుంచి ఆమేన్ అన్నోళ్లకు రాత్రి పప్పన్నమే. కోడికూర లేదు."

ఫౌండేషన్ పెట్టే భోజనంలో రోజూ కోడికూర ఉండేది. మొదటి రాత్రి చాలామంది పప్పు తిన్నారు. రెండో రాత్రి తగ్గారు. వారం తిరిగేసరికి నిశ్శబ్దం పూర్తిగా నిలిచింది. మార్టా కళ్లు తుడుచుకుని కోరస్‌కు దండం పెట్టింది.

వీరేష్‌కు మాత్రం ఆ గొడవ లేదు. రెండో రోజునే మార్టా చెవి అతన్ని పట్టేసింది. పెదవులు కదిపితే చాలనీ, గొంతు వద్దనీ జాకబ్ ద్వారా చెప్పించింది. మూడు వారాలు అతను నోరు తెరిచి మూశాడు. రాత్రిళ్లు వేదిక కింద పాకి వైర్లు చూశాడు. స్పీకర్ల వెనక చూశాడు. వాద్యాల పెట్టెలు తెరిచాడు. ఏమీ దొరకలేదు. రిపోర్టు కోసం ఎన్నిసార్లు అడిగినా ల్యాబ్ సామాన్లు ఇంకా దించుతున్నారనే జవాబు. ఫోన్లతో, రేడియోలతో ఏదీ పేల్చకుండా జామర్లు అడిగాడు. అవి కచేరీ రోజు మధ్యాహ్నం వచ్చాయి. ఆన్ చేయగానే అతని చెవిలో రేడియో గురగుర కూడా ఆగిపోయింది.

*

ఎండ తగ్గే వేళకు కట్ట జనంతో నిండింది. ట్రాక్టర్లు, ఆటోలు, బైకులు కట్ట వెనక ఆగాయి. మార్టా చేతులు దించేదాకా చప్పట్లు కొట్టొద్దని జాకబ్ మైకులో రెండుసార్లు చెప్పాడు.

మొదటి రెండు భాగాలు ఏ ఆటంకం లేకుండా గడిచాయి. విరామంలో భరత్‌కుమార్ వేదిక వెనక్కి వచ్చాడు. ఖద్దరు చొక్కా వేసుకుని రైతు వేషంలో ఉన్నాడు. కాళ్లకు మాత్రం ఆఫీసు బూట్లు.

"రిపోర్టు వచ్చింది. నువ్వు భయపడినట్టు బాంబుది కాదు."

"ఏమిటది?"

"రికార్డర్ స్విచ్. దగ్గర్లో గట్టి శబ్దం ఉన్నంతసేపూ ఊరుకుంటుంది. దూరంగా జనం చేసే గోల దానికి లెక్కలేదు. గట్టి శబ్దం ఆగి కాసేపైతే స్విచ్ పడుతుంది. అలా యంత్రం ఆగి బ్యాటరీ ఆదా అవుతుందని ల్యాబ్ వాళ్లు రాశారు. మాటలు దొంగచాటుగా రికార్డు చేసే యంత్రాల్లో ఉంటుందట."

"దాని కోసం ఆంజినప్పను చంపుతారా?"

"అది ల్యాబ్ వాళ్ల పని కాదు కదా."

అప్పుడే క్వారీ పని చేసే నలుగురు బేస్ గాయకులు ఒక చెక్క దిమ్మెను మోసుకొచ్చి వేదిక ముందు భాగంలో పెట్టారు. మోకాలెత్తు ఉంది. కొత్తది. పైన ఎర్ర గుడ్డ.

"ఏందన్నా అది?" అని అడిగాడు వీరేష్.

"ఆ పాడే పాప నిలబడనీకి. కట్ట మీదోళ్లకు కనపడల్లంట. తెల్లకోటాయన ఇప్పుడే తెప్పించినాడు. బరువుండాది బ్బా."

వీరేష్ దిమ్మె దగ్గరికి వెళ్లి మణికట్టు ఆనించాడు. కొత్త బ్యాటరీ వేసిన వాచీ అదిరింది. నలుగురు క్వారీ మనుషులు దాన్ని చేతులతో మోసి తెచ్చారు. అదరకపోతేనే ఆశ్చర్యం. అంచుల వెంట చూశాడు. స్క్రూలన్నీ బిగించి ఉన్నాయి.

"లైన్లో నిలబడప్పా," అని జాకబ్ వెనక నుంచి చెయ్యి పట్టి లాగాడు. "పాడేది లేకపోయినా నిలబడేదైనా సక్రమంగా చెయ్."

మూడో భాగం మొదలైంది. ఉరుములు అందుకున్నాయి. ఐశ్వర్య దిమ్మె ఎక్కింది. హార్ట్‌మన్ ముందు వరస నుంచి లేచి వచ్చి, దిమ్మె కదులుతుందేమో చూస్తున్నట్టు వంగి, కింద చెయ్యి పెట్టి తీశాడు. మళ్లీ వెళ్లి కూర్చున్నాడు.

వీరేష్ పై వరసలో పెదవులు కదుపుతున్నాడు. అతని ముందు నాలుగు వరసల కోరస్. దాని ముందు ఆర్కెస్ట్రా. దాని ముందు ఐశ్వర్య. ఆమె గొంతు కట్ట దాటి పోతోంది. జనం కదలడం లేదు.

ముగింపు దగ్గరపడింది. హార్ట్‌మన్ లేచాడు.

మూడు వారాల్లో అతను రిహార్సల్ మధ్యలో ఒక్కసారి కూడా లేవలేదు. ఇప్పుడు కుర్చీల మధ్య నుంచి తప్పుకుని కార్ల వైపు నడుస్తున్నాడు. తొందరపడటం లేదు. వెనక్కి కూడా చూడటం లేదు.

వీరేష్ పెదవులు ఆగిపోయాయి. గట్టి శబ్దం ఆగి కాసేపైతే స్విచ్ పడుతుంది. మూడో భాగంలో ఉరుములు ఆగవు. ఆగేది ఒకే ఒక్క చోట. ఆ చోటు కోసం మార్టా ఏడ్చింది. కోరస్ వాళ్లు పప్పు తిన్నారు. ఆ దిమ్మెను పేల్చడానికి రేడియో అక్కర్లేదు, టైమర్ అక్కర్లేదు. జామర్లు దాన్ని ఏమీ చేయలేవు.

ఆర్కెస్ట్రాను తోసుకుని పోవాలంటే టైం లేదు. అయినా కదిలాడు. ముందున్న ఆడవాళ్లు దారి ఇవ్వలేదు. మార్టా రెండు చేతులూ పైకి లేచాయి.

"రా," అని పిలిచింది కోరస్.

చేతులు గాలిలో ఆగాయి. ఉరుములు ఆగాయి. అన్నీ ఆగాయి.

నిశ్శబ్దం మార్టా కోరినట్టే వచ్చింది. నూటెనభై మంది ఊపిరి బిగబట్టారు. కట్ట మీద ఎక్కడో పసిబిడ్డ ఏడ్చి ఊరుకుంది. మార్టా కళ్లు మూసుకుని ఉంది.

వీరేష్ నోరు తెరిచాడు.

"ఆమేన్."

మార్టా వద్దన్నాక ఆ గొంతు వినిపించడం అదే మొదటిసారి. శ్రుతి లేదు. మార్టా కళ్లు తెరిచింది. ఒక క్షణం ఏమీ జరగలేదు. తర్వాత బేస్‌లో నలుగురైదుగురు, ఆపుకోలేక, అందుకున్నారు. తర్వాత ఆల్టో. తర్వాత అందరూ. వారం రోజులు బిగబట్టిన ఆమేన్ అది. నాలుగు గొంతుల్లో విడిపోయి, సాగి, చర్చిలో కంటే పెద్దగా లేచింది.

"ఆపొద్దు సార్," అని అరిచాడు వీరేష్ జాకబ్ వైపు. "ఆపితే చస్తాం. పాడిస్తా ఉండండి." ఆ వెంటనే ముందున్నవాళ్లను రెండు చేతులతో తోస్తూ ఇంకా గట్టిగా అరిచాడు. "నీళ్లు ఎక్కువైనాయి. నీళ్లు ఎక్కువైనాయి."

తిమ్మక్క పాడుతూనే వెనక్కి తిరిగి అతని మొహం చూసింది. ఎండ దెబ్బ అనుకుంది. చెరువు అడుగున నిలబడి ఆ మాట అంటున్నాడు.

ఐశ్వర్య ఎందుకని అడగలేదు. చీర కుచ్చెళ్లు పట్టుకుని దిమ్మె మీంచి దూకి, వేదిక దిగి, కట్ట వైపు పరుగెత్తింది.

*

జాకబ్ ఇరవై ఏళ్లు బడిలో పనిచేసినవాడు. వీరేష్ మొహం చూసి ప్రశ్న అడగలేదు. రెండో ఆమేన్ పాడించాడు. మూడోది పాడించాడు. తర్వాత చర్చి పాటలు మొదలుపెట్టాడు. ఆర్కెస్ట్రా వాద్యాలు పట్టుకుని ఖాళీ చేసింది. కట్ట మీది జనాన్నీ, ఆడవాళ్లనూ పంపేశారు. తిమ్మక్క పోనన్నది. సందు లేకుండా పాడటం మగవాళ్లకు చేతకాదని చెప్పింది. జామర్లు తెచ్చిన బాంబు స్క్వాడ్ టీ అంగడి నుంచి వచ్చింది. టెక్నీషియన్ స్క్రూలు విప్పుతున్నంతసేపు క్వారీ మనుషులూ, జాకబ్, తిమ్మక్క దిమ్మె చుట్టూ నిలబడి పాడారు. లోపల రెండో బోర్డు ఉంది. దాని కింద క్వారీ మందు కడ్డీలు పేర్చి ఉన్నాయి.

"ఇంకొంచెం గట్టిగా పాడండి," అన్నాడు టెక్నీషియన్ చెమట తుడుచుకుంటూ.

వీరేష్ కూడా గొంతు కలిపాడు.

"నువ్వొద్దు," అన్నాడు జాకబ్, పాట మధ్యలో.

వైరు తెగింది. పాట ఆగింది. ఏమీ పేలలేదు.

హార్ట్‌మన్ ఎక్కువ దూరం పోలేదు. రోడ్డు మీద ట్రాక్టర్లు అడ్డంగా ఉండటంతో అతని డ్రైవర్ కారును చెరువు అడుగుకు దించి అడ్డంగా కొట్టాడు. ఒండ్రు తవ్విన గుంతలో ముందు చక్రాలు పడ్డాయి. పోలీసులు వెళ్లేసరికి హార్ట్‌మన్ తెల్ల కోటు విప్పి కారు తోస్తున్నాడు. పక్కన ఇంకో మనిషి కూడా తోస్తున్నాడు. రాడార్ కేంద్రంలో ఇంజనీరు. మెడలో ఐడీ కార్డు తీయడం మరిచిపోయాడు.

"పేరు వచ్చింది," అన్నాడు భరత్‌కుమార్ ఆ కార్డు చూసి. "ఈ బాంబు పేలి ఉంటే కచేరీ మీద ఎవరో దాడి చేశారనేవాళ్లం. ఫౌండేషన్‌కు సంతాపం చెప్పేవాళ్లం. ఆమె సంగతి ఎవరూ అడిగేవాళ్లు కాదు."

"ఆమె ఎవరి మనిషో ఇప్పుడు తెలిసిందా సార్?"

"రిపోర్టులో రాస్తాను," అన్నాడు భరత్‌కుమార్. మూడు వారాల్లో వీరేష్‌కు దొరికిన క్షమాపణ అంతే.

మార్టా వేదిక మెట్ల మీద కూర్చుని ఉంది. జరిగిందంతా జాకబ్ చెప్పాడు. ఆమె చాలాసేపు విన్నది. చివరికి ఒక్కటే అడిగింది. ఆ నిశ్శబ్దం పూర్తిగా నిలవడానికి ఇంకా ఎంత మిగిలి ఉందని. చెంబు కింద పెట్టేంత అని చెప్పాడు జాకబ్. ఆమె తల పట్టుకుంది.

భోజనాలు కట్ట పక్కన వడ్డించారు. నూటెనభై మందీ కూర్చున్నారు. జాకబ్ స్వయంగా కోడికూర గిన్నె పట్టుకుని వరస వెంట వచ్చాడు. అందరికీ వేశాడు. వీరేష్ విస్తరి దగ్గర గరిటె ఆగింది. గిన్నె ముందుకు జరిగిపోయింది.

"సార్, నాకు?"

"రూలు రూలే అప్పా. ఆమేన్ అన్నోళ్లకు పప్పు."

"అందరూ అన్నారు కదా సార్."

"వాళ్లు నువ్వంటే అన్నారు. మొదట అన్నది నువ్వు. అదీ శ్రుతి లేకుండా."

"ఆయప్ప వల్లే కద సార్ బతికింది మనం," అన్నది తిమ్మక్క.

"అందుకే పప్పులో నెయ్యి వేయమన్నా."

వీరేష్ పక్కన ఐశ్వర్య కూర్చుని ఉంది. చీర అంచుకు ఒండ్రు అంటి ఉంది. ఆమె ఆమేన్ అనలేదు. ఆమె విస్తరిలో రెండు ముక్కలు ఎక్కువే పడ్డాయి. ఆమె వాటిని అతనికి ఇవ్వలేదు.

భరత్‌కుమార్‌కు ఆ రాత్రి వెళ్లిన మెసేజ్ ఇది: "ఆమె క్షేమం. పక్కనే కూర్చుని కోడికూర తింటోంది. నాకు పప్పు వేశారు. ఇచ్చిన మాట నిలబడింది."